వావచ్చన్ పడవలో అభిప్రాయ సేకరణ

పుత్తన్‌తురుత్తు దీవి నుంచి అవతలి ఒడ్డుకి మొదటి పడవ పొద్దున్న ఆరున్నరకి. ఆరింటికే వావచ్చన్ రేవులోకి వచ్చి, పడవలో నిలిచిన వాననీళ్ళు కొబ్బరిచిప్పతో తోడి పారబోసి, గెడ ఒకసారి తుడిచి, బీడీ వెలిగించుకుని కూర్చుంటాడు. ఆరుంబావుకల్లా జనం ఎక్కడం మొదలవుతుంది. కొబ్బరిపీచు పనికి వెళ్ళే ఆడవాళ్ళు, బాతుగుడ్ల గంపలు, ఒకటో రెండో సైకిళ్ళు, అటు ఒడ్డున పేపరు కొనుక్కుని అదే పడవలో చదువుకుంటూ తిరిగొచ్చే దామోదరన్. ఆయన రిటైరైన స్కూలు టీచరు కాబట్టి దీవంతా ఆయన్ని మాష్ అంటుంది. అందరూ సర్దుకున్నాక వావచ్చన్ వంగి, పడవ అంచుకీ నీళ్ళకీ మధ్య చెయ్యి అడ్డం పెట్టి చూస్తాడు. నాలుగు వేళ్ళు పట్టాలి. పడితే గెడ వేస్తాడు. పట్టకపోతే వెయ్యడు.

"రెండున్నరే ఉంది," అన్నాడు ఆ సోమవారం పొద్దున్న. "ఎవరో చెప్పెయ్యండి. టైమవుతోంది."

పన్నెండు మంది పట్టే పడవలో ఆ రోజు ఎక్కింది తొమ్మిది మందే. గంపల్లో గుడ్లు కూడా తక్కువే. కడుపులో ఒక మాట ఉంచుకుని పైకి చెప్పకుండా ఎక్కితే ఆ పడవ దిగబడుతుంది. చిన్న మాటకి అర వేలు, పెద్ద మాటకి రెండు మూడు వేళ్ళు. వావచ్చన్ నాన్న నడిపిన రోజుల్లోనూ అంతే, తాత నడిపిన రోజుల్లోనూ అంతే. పంచాయతీ వాళ్ళు రెండుసార్లు పాత పడవ తీసేసి కొత్తది ఇచ్చారు. కొత్తదీ అంతే.

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గుడ్లమ్మే కుంజుపెణ్ణు గొంతు సవరించుకుంది.

"సరే, నేనే. ఏమే లిల్లీ, నిన్న నీకిచ్చిన చేపలపులుసు మొన్నటిది."

పడవ ఒక వేలు లేచింది.

"నాకు తెలుసు చేచ్చీ," అంది లిల్లీ, అక్కని ఇక్కడ పిలిచే పిలుపుతో. "అందుకే బాతులకి పోశాను."

ఇంకో అర వేలు లేచింది. వావచ్చన్ మళ్ళీ చెయ్యి పెట్టి చూసి, తృప్తిగా తలూపి, గెడ దింపాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని లోకంలో అంటారు. ఈ రేవులో పెదవి దాటకపోతే పడవ కాలవే దాటదు.

ఇంకో విచిత్రం, రాజకీయాలు మాట్లాడేవాళ్ళు ఎంతమంది ఎక్కినా ఈ పడవ బెండులా తేలుతుంది. దేశాన్ని ఏలేవాళ్ళ గురించి, ధరల గురించి పుత్తన్‌తురుత్తులో ఎవరి దగ్గరా చెప్పకుండా మిగిలిన మాట ఉండదు. చెప్పిందే మూడుసార్లు చెప్పి, నాలుగోసారికి గొంతు పెంచుతారు. లోకంలో ఇంకెక్కడైనా రాజుగారి గురించి గుసగుసలాడుకుంటారేమో. ఇక్కడ కల్లు గీసేవాడు చెట్టుమీంచి కూడా తన అభిప్రాయం కిందికి వినిపించేలా చెప్తాడు. ఈ దీవి జనాన్ని మెచ్చుకోవలసిన మొదటి సంగతి అదే.

అలాంటి చోటికి జనాభిప్రాయం అడగడానికి జిషా వచ్చింది.

ఆమెకి ఇరవై ఆరేళ్ళు. కొచ్చిలో ఒక సర్వే కంపెనీలో చేరింది. వీపున సంచి, చేతిలో గొడుగు, సంచిలో పలకలాంటి ట్యాబు. అవతలి రేవులో ఆమె ఎక్కగానే పడవ వేలున్నర దిగింది.

"కొత్తమ్మాయ్, ఏదుంటే అది చెప్పెయ్," అన్నాడు వావచ్చన్.

"నాకు ఈత రాదు," అంది జిషా.

"అది భయం. దానికి బరువుండదు. ఇంకేదో ఉంది."

జిషా కాసేపు గొడుగు కర్ర గిల్లుకుంది. "ఉద్యోగం వచ్చిందని ఇంట్లో చెప్పాను. మూడు నెలలకే అని మాత్రం చెప్పలేదు."

పడవ లేచింది. ఆమె కూడా కొంచెం తేలిక పడి, చీర సర్దుకుని కుంజుపెణ్ణు పక్కన కూర్చుంది.

ఆమె పని సులువే. దీవిలో అరవై ఇళ్ళు. ఇంటికొకరి చొప్పున అడగాలి. దేశ నాయకత్వం ఎలా ఉంది? ఆర్థిక పరిస్థితి ఎలా ఉంది? వైద్యం ఎలా అందుతోంది? ప్రతిదానికీ చాలా బాగుంది నుంచి అసలు బాగాలేదు దాకా అయిదు గళ్ళు. చివర జిల్లా ఆఫీసు వాళ్ళు చేర్పించిన ప్రశ్న ఒకటుంది. మీ దీవికి వచ్చే ఆసుపత్రి పడవ ఇక ముందు కూడా కావాలా, అక్కర్లేదా? శుక్రవారం సాయంత్రం ఆరింటికి సర్వే ముగుస్తుంది. అక్కర్లేదని ఎక్కువమంది అంటే ఆ పడవని ఆపేసి, జనాన్ని అవతలి ఒడ్డున కట్టిన కొత్త ఆసుపత్రికి రమ్మంటారు.

ఆసుపత్రి పడవ మంగళవారం వచ్చింది. తెల్లరంగు ఊడిన పాత మోటారు పడవ. ఆ మోటారు చప్పుడు కాలవ మలుపు తిరక్కముందే సగం దీవి రేవులో వరస కట్టేసింది. డాక్టరుగారు పదిహేను రోజులకోసారి వస్తారు. నర్సు తంకమణి మాత్రం పంతొమ్మిదేళ్ళుగా ఒక్క మంగళవారం తప్పలేదు. యాభై దాటిన మనిషి. మోకాళ్ళు నొప్పులు. గొంతు మాత్రం సైరనే. మందు పొట్లాల మీద పొద్దుటి మాత్రకి సూర్యుణ్ణి, రాత్రి మాత్రకి చంద్రుణ్ణి గీసి ఇస్తుంది. సూర్యుడికి మీసాలు కూడా పెడుతుంది, పిల్లలు నవ్వుతూ మింగుతారని. పెద్ద వరద వచ్చిన ఏడు ఆ పడవని స్కూలు మేడ స్తంభానికి కట్టి, దాన్లోనే ఒక కాన్పు చేసింది. ఆ పిల్ల ఇప్పుడు అదే స్కూల్లో మూడో తరగతి. పని ఇంత ఇష్టంగా చేసేవాళ్ళు లోకంలో తక్కువ. ఉన్నవాళ్ళని కూడా మనం చూసీ చూడనట్టు పోతుంటాం.

వరస అయిపోయాక జిషా పడవ అంచున కూర్చుని నల్లటీ తాగుతోంది. తంకమణి తన సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించింది.

"కొండల మీద ఊళ్ళో ఆసుపత్రిలో పోస్టు, పర్మనెంటు. ఇష్టమేనని శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపు జిల్లా ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టాలి. పెట్టకపోతే నా తర్వాత పేరున్నామెకి ఇస్తారు."

"ఇక్కడ మీది?"

"కాంట్రాక్టు. ఈ పడవ ఉంటేనే నేను. పడవ ఆగితే ఆ రోజుతో ఇంటికే."

"అయితే భయం దేనికి చేచ్చీ? నేనడుగుతున్నది అదేగా. అందరూ కావాలనే అంటారు."

తంకమణి కాగితం మడిచి పెట్టుకుంది. "నువ్వొచ్చి ఒక్కరోజే అయింది. వీళ్ళ నోళ్ళు నీకింకా తెలీవు," అని నవ్వింది.

బుధవారం నుంచి జిషా కాలికి బలపం కట్టుకుని తిరిగింది. మొదటి ఇల్లు మాష్‌ది. దేశ నాయకత్వం అనగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"భోంచేశావా అమ్మాయ్?"

"ఇంకా లేదండీ."

"అయితే ముందు తిను. ఈ ఒక్కదానికే గంట పడుతుంది."

నిజంగానే గంట పట్టింది. ఉడికించిన కర్రపెండలం, చేపలకూర ముందు పెట్టుకుని ఆమె విన్నది. మాష్‌ది ప్రతిపక్ష పార్టీ. నాయకత్వం అసలు బాగాలేదు. ఆర్థిక పరిస్థితికి అయిదు గళ్ళు చాలవు, ఆరోది పెట్టమన్నాడు. వైద్యమూ అంతే.

"ఆసుపత్రి పడవ కావాలా మాష్?"

"అక్కర్లేదు. ప్రభుత్వమన్నాక సరిగ్గా చెయ్యాలి, లేకపోతే మూసెయ్యాలి. ఆ తుప్పు పడవని చూపించి మాకేదో చేస్తున్నామని వాళ్ళు ఓట్లడుక్కుంటారు. అదీ లేకుండా పోతే జనానికి కళ్ళు తెరుచుకుంటాయి."

ఆయన వెనక గోడకి షుగరు లెక్కల చార్టు వేలాడుతోంది. పదకొండేళ్ళ అంకెలు, అన్నీ తంకమణి దస్తూరీలోనే.

రెండిళ్ళ అవతల ఈపెన్. పాలకపక్షానికి దీవి సెక్రటరీ. ఆమె కూర్చోకముందే జవాబు మొదలుపెట్టాడు.

"అన్నీ చాలా బాగున్నాయని రాసుకో."

"ఒక్కొక్కటీ అడగాలండీ. ఆర్థిక పరిస్థితి?"

"బ్రహ్మాండం."

"గ్యాసుబండ ధరెంతో అడగమ్మా ఆయన్ని!" అంది వంటింట్లోంచి భార్య.

"అది లోకమంతా పెరిగింది! నువ్వు లోపలికి పో!"

"లోపలే ఉన్నాను!"

జిషా నవ్వాపుకుని చివరి ప్రశ్న అడిగింది.

"పడవెందుకింక?" అన్నాడు ఈపెన్. "అవతల అంత పెద్ద ఆసుపత్రి కట్టాం మేం. ఇప్పుడు పడవ కూడా కావాలంటే ఆ ఆసుపత్రి చాలట్లేదని మేమే ఒప్పుకున్నట్టు. అక్కర్లేదని పెట్టు."

వసారాలో మంచం మీద ఆయన తల్లి పడుకుని ఉంది. ఎనభై నాలుగేళ్ళావిడ. కుడి పాదానికి మంగళవారం కట్టిన తెల్లటి కట్టు మల్లెపువ్వులా ఉంది.

"అమ్మచ్చీ, మీరేమంటారు?"

ముసలావిడ కొడుకు వైపు చూసింది. "వాడు చెప్పిందే. వాడు సెక్రటరీ గదా," అంది.

గురువారం సాయంత్రానికి అరవై ఇళ్ళూ అయిపోయాయి. జిషా చెట్టు నీడలో కూర్చుని ట్యాబు తెరిచింది. అక్కర్లేదన్నవాళ్ళు నలభై నాలుగు మంది. ఆమె రెండోసారి చూసింది, మూడోసారి చూసింది. అటు పార్టీ వాళ్ళు ప్రభుత్వం మీద కోపంతో వద్దన్నారు. ఇటు పార్టీ వాళ్ళు ప్రభుత్వం మీద ప్రేమతో వద్దన్నారు. ఒకళ్ళని ఓడించడానికి ఒకళ్ళు వేసిన మాటలన్నీ వచ్చి ఒకే గడిలో పడ్డాయి. కానీ ఆమె వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అలమరలో మీసాల సూర్యుడున్నాడు.

ఏడుపు ఆపుకోలేక రేవులో వావచ్చన్ దగ్గరికి వెళ్ళింది.

"ఎవరూ నిజం చెప్పలేదు అచ్చాయా," అంది, దీవి జనం ఆ పెద్దాయన్ని పిలిచినట్టే.

"ఇంటికెళ్ళి అడిగావుగా. ఇంటిమీద ఏ జెండా ఉంటే ఆ జెండాయే మాట్లాడుతుంది," అన్నాడు వావచ్చన్. ఆయన గెడకి నూనె రాస్తున్నాడు. "నిన్నటి నుంచీ ఎవడెక్కినా పడవ దిగిపోతోంది. ఏదో ఒక చిల్లర మాట చెప్పి ఒక వేలు లేపుకుని దాటేస్తున్నారు. అసలుది ఎవడూ కక్కట్లేదు."

"నేను వాదించకూడదు. ఇలా చెప్పమని అడగనూకూడదు. ఉద్యోగం పోతుంది."

"జవాబు మార్చుకోవచ్చా?"

జిషా కంపెనీకి ఫోను చేసి కనుక్కుంది. జవాబు చెప్పిన మనిషే వచ్చి తనంతట తాను మార్చుకుంటానంటే శుక్రవారం ఆరింటిదాకా మార్చవచ్చు.

"అయితే రేపు పదింటి పడవెక్కు," అన్నాడు వావచ్చన్. "నువ్వేం మాట్లాడకు. ఊరికే కూర్చో."

శుక్రవారం తంకమణి మొదటి పడవలోనే వచ్చింది. సంతకానికి వెళ్ళేముందు ఈపెన్ తల్లి పాదానికి ఆఖరుసారి కట్టు కట్టి వెళ్దామని. నలభై నాలుగు సంగతి అప్పటికే దీవంతా తెలిసిపోయింది, ఆమెకీ ముందురోజు రాత్రే తెలిసింది. ఎవరినీ ఏమీ అనలేదు. ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదట. పదింటికి రేవులోకి వచ్చేసరికి పడవ నిండింది. కుంజుపెణ్ణు, లిల్లీ, పీచు పని ఆడవాళ్ళు నలుగురు, బ్యాంకు పనిమీద మాష్, పార్టీ మీటింగుకి ఈపెన్, ఒక మూల జిషా. తంకమణి ఎక్కి మధ్య పలక మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది.

వావచ్చన్ చెయ్యి పెట్టాడు. ఒక్క వేలే పట్టింది.

"చెప్పండి," అన్నాడు.

మాష్ నీళ్ళవైపు, ఈపెన్ ఆకాశంవైపు చూస్తున్నారు.

"పోనివ్వు అచ్చాయా," అంది తంకమణి. "పదీ నలభైకి బస్సు. అది తప్పితే పన్నెండుకి అందుకోలేను."

వావచ్చన్ ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నాలుగు వేళ్ళు లేకుండా గెడ వేసింది లేదు. ఆమె అడిగింది కాబట్టి ఆ రోజు వేశాడు.

కాలవ సగానికి వచ్చేసరికి అంచు అర వేలుకి దిగింది. ఒక చిన్న అల లోపలికి వచ్చి మాష్ చెప్పులు తడిపింది. జిషా రెండు చేతులా పలక పట్టుకుంది.

"నేను చెప్తా, నేను చెప్తా," అంది లిల్లీ గాభరాగా. "మొన్న ఎన్నికల్లో మా ఆయన చెప్పినదానికి కాదు నేను ఓటేసింది."

వెంట్రుకవాసి లేచింది.

"మీ ఆయనా నువ్వనుకున్నదానికి వెయ్యలేదులే, నాతో చెప్పాడు," అంది కుంజుపెణ్ణు. ఇంకో వెంట్రుకవాసి. తర్వాత మరో అల వచ్చి ఆ రెండు వెంట్రుకవాసులూ తీసుకుపోయింది.

నీళ్ళు పాదాల దాకా వచ్చాయి. వావచ్చన్ గెడ ఆపి నిలబెట్టేశాడు. "నాకు ఈతొచ్చు," అన్నాడు మెల్లగా. "మీ ఇష్టం."

ముందు మాష్ లేచాడు. పడవలో లేవకూడదని దీవిలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అయినా లేచాడు, క్లాసులో పాఠం చెప్పేవాడిలాగా.

"తంకమణీ. ఈ ప్రభుత్వం పనికిమాలినది. ఆ మాట మీదే ఉన్నాను."

"కూచోండి మాష్, పడతారు," అంది తంకమణి.

"పడనీ. రెండేళ్ళ కింద నా బొటనవేలు కుళ్ళితే అవతల కాలు తియ్యాలన్నారు. నువ్వు ఏడు నెలలు కట్టు కట్టావు. ఈ కాలు మీద నిలబడే కదా మొన్న నేను వద్దన్నాను!" ఆయన ఆ కాలు పలక మీద పెట్టి చూపించాడు. "పడవ కావాలమ్మా. నువ్వు కావాలి. నువ్వు వెళ్ళిపోతే నాకు భయం."

పడవ ఒక వేలు పైకి లేచింది. జిషా ట్యాబు తీసింది.

"మార్చుకో అమ్మాయ్. నా జవాబు మార్చు," అన్నాడు మాష్.

ఈపెన్ ఇంకా ఆకాశంలోనే ఉన్నాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని లిల్లీ నెమ్మదిగా గొణిగింది.

"మా ఆసుపత్రి పెద్దదే," అన్నాడు చివరికి. "అందులో అబద్ధం లేదు. కానీ అమ్మని అక్కడికి తీసుకెళ్ళాలంటే నలుగురం మోసి పడవెక్కించాలి, అవతల దింపి ఆటో ఎక్కించాలి. రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండుసార్లూ దారి పొడుగునా ఏడ్చింది. నన్నిలాగే పోనివ్వరా అంది." ఆయన మొహం తిప్పుకున్నాడు. "నువ్వొస్తే మాత్రం నవ్వుతుంది. ఇందాక నువ్వు బయటికొచ్చాక నాతో ఏమందో తెలుసా? నువ్వు సెక్రటరీవా, నా కొడుకువా అంది."

పడవ ఇంకో వేలు లేచింది. ఆ కుదుపుకి గుడ్లు గంపలో గలగలమన్నాయి.

"మార్చు," అన్నాడు ఈపెన్. "కావాలని పెట్టు. పక్కన మా ఆసుపత్రి కూడా మంచిదేనని రాయి."

"దానికి గడి లేదండీ," అంది జిషా.

"లేకపోతే పెట్టించాలి. ఏం సర్వేలు ఇవి!"

ఆ తర్వాత ఒకళ్ళు ఆగితే ఒకళ్ళు మొదలుపెట్టారు. కుంజుపెణ్ణు కూతురి కాన్పు, లిల్లీ వాళ్ళాయన తాగుడు మానిపించిన సంగతి, ఒకామెకి రొమ్ములో గడ్డ ముందే కనిపెట్టి పంపిన సంగతి. అన్నీ ఎప్పుడో చెప్పవలసినవి. పార్టీలవాళ్ళు వింటారని, పక్కింటివాళ్ళు నవ్వుతారని, ఆమెకి తెలియదా ఏమిటని, చెప్పకుండా ఏళ్ళ తరబడి మోసినవి. వావచ్చన్ చేత్తో నీళ్ళు తోడిపోస్తూ విన్నాడు. అంతా అయ్యాక చెయ్యి పెట్టి చూశాడు.

మూడు వేళ్ళు.

"ఇంకొకళ్ళున్నారు," అన్నాడు.

చెప్పనివాళ్ళు ఎవరూ మిగల్లేదు. మాష్ లెక్కపెట్టాడు. అప్పుడు అందరి చూపూ మధ్య పలక మీదికి వెళ్ళింది. తంకమణి సంచిని గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది.

"నన్నెవరూ అడగలేదు," అంది ఆమె.

నిజమే. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళని అడగకూడదని సర్వే నిబంధనల్లోనే ఉంది. అన్ని ఇళ్ళకీ వెళ్ళిన జిషా ఆ ఒక్క మనిషిని అడగలేదు. ఆమె ట్యాబు సంచిలో పడేసి, జిప్పు లాగి, ముందుకి వంగింది.

"చేచ్చీ, మీరు చెప్పండి. ఆసుపత్రి పడవ కావాలా?"

"కావాలి!" అంది తంకమణి, ఆ సైరను గొంతుతో. అవతలి ఒడ్డున బాతులు ఉలిక్కిపడ్డాయి. "నాకు కావాలి. పంతొమ్మిదేళ్ళు నా మోకాళ్ళు అరగదీసుకున్నాను. అక్కర్లేదు అన్నారని తెలిసినప్పుడు, నేనే పనికిరానిదాన్నని అనిపించింది. రాత్రంతా అదే. కొండల మీద ఊరు నాకెందుకు? అక్కడ ఎవరి పేరూ తెలీదు. ఎవరికి షుగరో, ఎవరు మాత్ర పారేసి మింగానంటారో తెలీదు. వద్దన్నచోట ఉండలేక పోతున్నాను గానీ, పోవాలని లేదు నాకు. మీరు తిట్టినా ఇక్కడే ఉండాలని ఉంది."

అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఏడవగా ఆ దీవి చూసింది అదే మొదటిసారి.

పడవ నాలుగు వేళ్ళకి వచ్చింది. అక్కడ ఆగలేదు. అయిదైంది, ఆరైంది, జానెడైంది. పదకొండు మందితో, గంపలతో, ఖాళీ పడవకన్నా పైకి తేలింది. అడుగు నీళ్ళని తాకీ తాకకుండా ఉంది. ఆ వేళకి సముద్రం మీంచి రోజూ వచ్చే గాలి వచ్చింది. గుర్రపుడెక్క ఆకుని నెట్టినట్టు పడవని చుట్టూ తిప్పి, దీవి వైపుకి నెట్టడం మొదలుపెట్టింది.

"అచ్చాయా, బస్సు!" అంది తంకమణి.

వావచ్చన్ గెడ దింపాడు. పడవ ఆగలేదు. రెండోసారి దింపాడు. పడవతోపాటు ఆయనా వెనక్కే వచ్చాడు. ఈపెన్ కాళ్ళ దగ్గర తెడ్డు ఒకటి ఉంది, మాష్ కాళ్ళ దగ్గర ఒకటి ఉంది. పార్టీలు పుట్టిన దగ్గర్నుంచీ ఏ ఒక్క సంగతిలోనూ కలవని వాళ్ళిద్దరూ ఆ తెడ్లు కనిపించనట్టు కూర్చోవడంలో కలిశారు. అవతలి ఒడ్డున బస్సు హారను కొట్టింది. ఇంకోసారి కొట్టింది. తర్వాత దాని చప్పుడు దూరమైంది.

పడవ వచ్చి దీవి రేవుకి దానంతట అదే ఆనుకుంది.

"ఇంకో పడవ పిలిపించనా?" అన్నాడు ఈపెన్, లేని ఉత్సాహం తెచ్చుకుని. "మోటారుది?"

తంకమణి సమయం చూసుకుంది. పదకొండు దగ్గర పడుతోంది. మోటారు పడవ దొరికితే, ఆటో దొరికితే, అందుకోగలదేమో. అందుకోకపోతే, రేపు ఈ పడవా ఆగిపోతే, రెండూ పోతాయి. రేవు మెట్ల మీద చాలాసేపు నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చుంది.

"వద్దు," అంది. "ఎవరికైనా బీపీ చూడాలంటే రండి. ఎలాగూ ఉన్నాగా."

ఆ మధ్యాహ్నం దీవిలో ఎవరికీ అవతలి ఒడ్డున పని లేదు. అయినా వావచ్చన్ పడవ ఆరుసార్లు నిండింది. కాలవ మధ్యదాకా వెళ్ళడం, దిగబడటం, మాట చెప్పడం, తేలిపోయి వెనక్కి రావడం. జిషా వేలు నొప్పిపుట్టేదాకా జవాబులు మార్చింది. నాయకత్వం గురించి ఎవరూ ఒక్క గడి కూడా మార్చుకోలేదు. ధరల గురించీ మార్చుకోలేదు. ఆ మాటల్లో ఎవరూ ఏమీ దాచుకోలేదు గదా. ఆరింటికి అయిదు నిమిషాలుందనగా లెక్క చూస్తే, పడవ కావాలన్నవాళ్ళు యాభై ఏడుగురు. మిగిలిన ముగ్గురూ ఆ రోజు ఊళ్ళో లేరు.

కొండల మీది పోస్టు తంకమణి తర్వాత పేరున్నామెకి వెళ్ళింది. ఆ నెల ఇరవయ్యో తారీఖు దాకా తంకమణికి ఏ సంగతీ తెలియలేదు. ఇరవై ఒకటిన జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆసుపత్రి పడవ కొనసాగుతుంది, దాన్లో నర్సు పోస్టు ఇకమీదట పర్మనెంటు, ఆ పోస్టులో తంకమణి.

మంగళవారం రేవులో వరస పెద్దదిగా ఉంది. మాష్ ఆ ఉత్తరం అందరికీ గట్టిగా చదివి వినిపించి, కళ్ళజోడు తీశాడు.

"చూశారా! జనానికి భయపడి దిగొచ్చింది ఈ ప్రభుత్వం."

"భయమా? ముందుచూపు!" అన్నాడు ఈపెన్. "ప్రజల గుండెచప్పుడు విన్న ప్రభుత్వమిది!"

"గుండెచప్పుడా? ముందు గ్యాసుబండ చప్పుడు వినమను!"

ఇద్దరి మెడనరాలూ ఉబ్బాయి. వరసలోవాళ్ళు రెండు పక్షాలుగా చీలిపోయారు. తంకమణి పడవలోంచి వంగి, బీపీ పట్టీ చేతికి చుట్టుకుని కేకేసింది.

"ముందు ఎవరికి చూడమంటారు?"

మాట మధ్యలోనే ఆపి, ఇద్దరూ చొక్కా చేతులు మడుచుకుని, ఒకేసారి చేతులు చాపారు.